ఉత్తరమును టెలిఫోనును

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి యని మన తెలంగాణమున నొక నానుడి కలదు. 2016వ సంవత్సరమున చిన్న జిల్లాలుగా విభజింపబడిన మన పాత కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో, బ్రదుకుతెరువునకై సముద్రము దాటిన తండ్రియో యన్నయో లేని వాడ యరుదు. ఇట్టి యిండ్లలో ప్రేమ నిలుచుటకు వార్తయే యాధారము. అందుచే వార్తాసాధనములు బంధుప్రీతి నెట్లు మార్చినవో మనము విచారింపవలసియున్నది.

గల్ఫు వలస మొదలైన 1970 దశాబ్దమున ఉత్తరమే దిక్కు. అది చేరుటకు వారములు పట్టెడిది. చదువురాని యిల్లాలు భర్త మాటను పొరుగువాని నోట వినవలసివచ్చెడిది; తన మాటను పరులచేత వ్రాయింపవలసివచ్చెడిది. పిదప మాటలు నింపిన క్యాసెట్లు వచ్చినవి. పిమ్మట టెలిఫోను బూతులు వచ్చినవి. అందు నిమిషమునకింత యని పైకము చెల్లించుటచే ఏడ్చుటకైన వ్యవధి లేకుండెను. నేడు చేతి ఫోను మూలమున తండ్రి ముఖము ప్రతిరాత్రియు కనబడుచున్నది. చదువురాని తల్లి యెవరి సాయము లేకయే మాటాడుచున్నది. ఇది గొప్ప మేలని మేము నిస్సంశయముగా చెప్పుదుము.

అయినను ముఖము కనబడినంతనే మనసు కనబడునా? తండ్రి తెల్లని గోడప్రక్క నిలిచి నవ్వును. తానుండు ఇఱుకు గదిని చూపడు. ఇంటివారు అవ్వ జ్వరమును, అప్పు వడ్డీని దాచుదురు. “తింటివా? పైసలు ముట్టినవా?” యను ప్రశ్నలతో మాట ముగియును. మరల నెలకుగాని వీలుపడదని యెఱిగి నాడు చదువరులు ఆలోచించి వ్రాసిరి. రేపును మాటాడవచ్చునని నేడు మనము ముఖ్యమైనదానిని వాయిదా వేయుచున్నాము. చెరలోనుండి ఫిలిప్పీయులకు పత్రిక వ్రాసిన పౌలు తన బంధకములను దాచలేదు. ఎపఫ్రొదితు రోగమునైనను దాచలేదు. నిజము చెప్పుకొనుటయే చనువు.

కావున విద్యార్థులారా, నెలకొకమారు మీ తండ్రికి ఒక పుట వ్రాయుడు. తగ్గిన మార్కులు, తమ్ముని యల్లరి, అమ్మ చెప్పలేకపోయిన మాట, అన్నియు వ్రాయుడు. తపాలాలో వేయనక్కఱలేదు, ఫోటో తీసి ఫోనులోనే పంపుడు. ఆయనకు చదువు రానిచో మీ గొంతుతో చదివి పంపుడు. కాగితమును మాత్రము పెట్టెలో భద్రపఱచుడు. ఆయన తిరిగివచ్చిన నాడు, తాను చూడని మీ బాల్యమును అందు చూచుకొనును.