బల్లుల మేతకు పట్టుపురుగులా? కుర్రాళ్లు తొందరపడవద్దు

పట్టు అంటే మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారికి పెళ్లిచీరె గుర్తుకు రావలసిందే గాని, పట్టుపురుగును కళ్లారా చూసినవారు తక్కువ. ఆ సాగంతా హిందూపురం, మదనపల్లె వైపు. అటువంటిది మా ఊరి కుర్రాడొకడు పోయిన ఏడాది గుడ్లు తెచ్చి ఇంట్లోనే పొదిగించాడు. పట్టు కోసం కాదు. పట్నాల్లో విదేశీ తొండలను, బల్లులను సరదాగా పెంచేవారు వీటిని మేతగా కొంటారని ఎవరో చెప్పారట!

ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. పట్టుపురుగు మెత్తనిది, ఎగరదు, పారిపోదు, కుట్టదు. విదేశాల్లో బల్లిజాతి జంతువులకు వీటిని మేతగా వేస్తూనే ఉన్నారు. అయితే మేత అమ్మే ముందు పురుగును బతికించాలి కదా.

గుడ్డు పది పన్నెండు రోజుల్లో పిగులుతుంది. చీమంత నల్లని పిల్ల నాలుగుసార్లు కుబుసం విడిచి, సుమారు పాతిక రోజుల్లో మూడంగుళాలకు వస్తుంది. ఒక్క తల్లిపురుగు నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలన్నిటికీ దాదాపు పది కిలోల మల్బరీ ఆకు కావాలి. అందులో నూటికి ఎనభై పాళ్లు ఆఖరి వారంలోనే తింటాయి. మా కుర్రాడికి ఉన్నవి రెండు చెట్లు. మూడో వారానికే కొమ్మలు బోడులయ్యాయి. పక్క ఊరి మినుము చేను గట్టుమీది చెట్టు ఆకు కోసుకొచ్చాడు. ఆ చేనుకు మందు కొట్టి రెండు రోజులే అయింది. తెల్లవారేసరికి సగం పురుగులు పచ్చగా కక్కి చచ్చాయి. మిగిలినవాటిని దోమల చక్రం పొగ తీసింది. ఈ డెల్టాలో దోమల చక్రం లేకుండా ఎవరు పడుకోగలరు? మధ్యలో ఇంటి బల్లులు కూడా తమ వాటా తాము తీసుకున్నాయి. బల్లి మేత బల్లికే పోయిందని వాళ్ల నాయనమ్మ నవ్వింది.

ఇంతకంటె పెద్ద సంగతి గుడ్లది. అతడు తెచ్చినవి ఎవరో ఇంట్లో పెట్టించినవి. తల్లిపురుగుకు పెబ్రిన్ అనే రోగం ఉంటే అది గుడ్డులోనే పిల్లకు సంక్రమిస్తుంది. ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ ఈ రోగంతో దెబ్బతిన్నప్పుడు, 1865 నుండి కొన్నేళ్లు లూయీ పాశ్చర్ దీని మీదనే పని చేశాడు. గుడ్లు పెట్టిన తల్లిని నూరి సూక్ష్మదర్శినిలో చూసి, రోగం కనబడితే గుడ్లను తగలబెట్టే పద్ధతి ఆయన పెట్టినదే. నేటికీ అదే ఆధారం. మన దేశంలో 1948 నాటి కేంద్ర పట్టు మండలి చట్టాన్ని 2006లో సవరించి, గుడ్లు తయారుచేసి అమ్మేవారికి రిజిస్ట్రేషన్ ఉండాలన్నారు. పరీక్ష లేని గుడ్లు చేతులు మారుతూ మల్బరీ రైతు ఇంటికి చేరితే నష్టపోయేది అతడే.

కొనేవారి సంగతీ చూడాలి. ఉడుమును, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పట్నాల్లో కనిపించే ఇగ్వానా అసలు ఆకులు తినే జంతువు. దానికి పురుగులు మేపడమే తప్పు. ఇక బేరం ఎంత మిగులుతుంది?

పట్టు తీశాక మిగిలే ప్యూపాను ఎండబెడితే సగం వరకు మాంసకృత్తులే. కోళ్లకు, చేపలకు మేతలో కలపవచ్చు. తవుడు, చెక్క కొనలేక అవస్థపడుతున్న రేపల్లె, నిజాంపట్నం చెరువుల రైతులకు ఇది పనికివచ్చే మాట. నూనె ఎక్కువ గనుక త్వరగా ముక్కిపోయి కంపు కొడుతుంది, నూనె తీసినదే తెచ్చుకోవాలి.

పట్టు పరిశ్రమ శాఖవారు, బాపట్ల వ్యవసాయ కళాశాలవారు కలిసి ఈ ప్రాంతంలో ఒక్కరోజు శిబిరమైనా పెట్టాలి. పరీక్షించిన గుడ్లు ఎక్కడ దొరుకుతాయో, మన వాతావరణంలో పెంపకం ఏ నెలల్లో సాధ్యమో చెప్పాలి. ఎండలు ముదిరితే ఈ పురుగు నిలవదు గనుక, ఆ పని శీతకాలంలోనే జరగాలి.