కలక నీళ్లు ఎవరి పాపం?

2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి యాదగిరిగుట్ట నుంచి వలిగొండ మండలం సంగెం చేరుకుని మూసీ వెంట పాదయాత్ర చేశారు. ఆ రోజు టీవీ కెమెరాలన్నీ ఏటి ఒడ్డుకు వచ్చాయి. నాయకుల సవాళ్లు, ప్రతిసవాళ్లు మారుమోగాయి. కెమెరాలు వెళ్లిపోయాయి. హైదరాబాద్ మురుగు, పరిశ్రమల వ్యర్థాలు మోసుకొచ్చే నీరు మాత్రం ఆ పొలాల్లోకి పారుతూనే ఉంది.

'మూసీ కలుషితమైంది' అని వార్తలు చెబుతుంటాయి, నది తనంతట తానే మలినమైనట్టు! మలినం చేసిన చేతులు ఆ వాక్యంలో కనిపించవు. దొంగతనం వార్తలో దొంగ ఉంటాడు. నీటి నేరం వార్తలో నేరస్థుడే ఉండడు.

యెహెజ్కేలు ప్రవక్త అలా దాచి మాట్లాడలేదు. తేట నీళ్లు తాము తాగి, మిగిలినవాటిని కాళ్లతో కలకచేసిన బలిసిన గొర్రెలను దేవుడు ఆయన ద్వారా నేరుగా నిలదీశాడు (34:18,19). బక్క గొర్రెలకు ఆ కలక నీళ్లే దిక్కయ్యాయని బాధపడ్డాడు.

ప్రియ పాఠకులారా! పత్రికలు నేరస్థుణ్ణి పేరుపెట్టి చెప్పాలని కోరుదాం. అంతకంటే ముందు మన ఇంటి మురుగు, మన మందిరం మురుగు ఎటు పోతున్నాయో అడుగుదాం. ఎగువవాడు వదిలిందే దిగువవాడి పొలానికి చేరుతుంది. పొరుగువాడంటే పక్కింటివాడే కాదు, ఏటికి దిగువన ఉన్నవాడు కూడా!