గేటు దగ్గర ఏం చెప్పమంటారు?

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను నల్గొండ జిల్లాలో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. ఏడేళ్ల కింద నా ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. ఆరోగ్యశ్రీ మీద ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టించుకున్నాను. ఆ కార్డే లేకపోతే కుట్టుమిషను అమ్ముకునేదాన్ని. అదీ చాలేది కాదు. ఆ మేలు మరిచి రాస్తున్న ఉత్తరం కాదిది.

ఆపరేషనైన మూడో రోజు ఇంకా కళ్లముందే ఉంది. చంక పక్క నుంచి ఒక గొట్టం, దాని చివర నెత్తురు నీళ్లు పట్టే సీసా. ఎవరైనా చూస్తారేమోనని దాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కదిపితే కుట్లు తెగుతాయన్న భయంతో చేతిని ఒంటికి అతికించుకునే పడుకున్నాను. డాక్టర్లను తప్పుపట్టను, వాళ్ల గది ముందు వరస ఎంతుంటుందో చూసినదాన్ని. కానీ గోడకు వేళ్లు ఆనించి రోజుకు కొంచెం కొంచెం పైకి పాకించాలని నాకు చెప్పినవాళ్లు లేరు. భుజం పట్టేసింది. తర్వాత చెయ్యి వాచింది. మొదట్లోనే చూపించుకుని కట్టు కట్టించుకుంటే అదుపులో ఉండేదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ నా ఎడమ చేతికి గాజులు ఎక్కవు.

రెండేళ్లు ఎక్కడికీ పోలేదు. అయిదో ఏట ఒకరోజు పక్క ఊరి నుంచి ఒకామె జాకెట్ గుడ్డ పట్టుకుని వచ్చింది. వాకిలి వైపే చూస్తూ, "అక్కా, ఒక పక్క ఖాళీ కనబడకుండ కుడతవా?" అంది. తలుపు గడియ పెట్టి నా జాకెట్ విప్పి చూపించాను. లోపలి లైనింగులో ఒక జేబు, జేబులో మెత్తటి గుడ్డ సంచి. ఒట్టి దూది పెడితే తేలికై పైకి జరుగుతుంది. అందుకే దూది నడుమ చిన్న మూటలో ఆవాలు కుడతాను. రెండు వైపులా బరువు సరిపోవాలి, లేదంటే ఒక భుజం వాలి మెడ గుంజుతుంది. ఉతికేటప్పుడు సంచి తీసేయాలి. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు తూచి చూసింది. తర్వాత జాకెట్ సంగతి అడగలేదు. "నీకు ఎన్నేండ్లయింది అక్కా?" అంది. అయిదేళ్లన్నాను. అక్కడే కూలబడి ఏడ్చింది. బతికినామెను ఆమె అంతకుముందు చూడలేదు.

అప్పటి నుంచి ఇదే నా పని. మంగళవారం మిషను మూసి హైదరాబాద్‌లో క్యాన్సర్ వైద్యం చేసే ఆసుపత్రులకు బస్సెక్కుతాను. వార్డులో ఆడవాళ్లు నన్నడిగేవి డాక్టర్‌ను అడగలేనివి. ఎర్ర మందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తే అది నెత్తురేనా? వెంట్రుకలు మళ్లీ వస్తాయా? పిల్లలను పక్కలో పడుకోబెట్టుకుంటే అంటుతుందా? ఇంట్లో వేరే కంచం పెట్టిన అత్తకు ఏం చెప్పాలి? రెండు కీమోలకే విసిగి ఆకు మందుకు పోదామని సంచి సర్దుకున్న ఒక చెల్లె నా చెయ్యి పట్టుకుని మంచం మీద మళ్లీ కూర్చుంది, కోర్సు పూర్తిచేసింది. ఆ పని నేను కాక ఇంకెవరు చేయగలరో మీరే చెప్పండి.

అయినా గేటు దగ్గర నన్ను ఆపుతారు. "పేషెంటువా? పేషెంటు తాలూకువా?" రెండూ కాదంటే పొమ్మంటారు. ఒకసారి మాట మధ్యలోంచి లేపి బయటికి పంపారు. ఏ ఆసుపత్రో చెప్పను, అది ఒక్కచోటి సంగతి కాదు.

అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆమెకూ ఇలాగే జరిగింది. 1952లో తనకు రొమ్ము తీసేశాక, అదే ఆపరేషనైన ఆడవాళ్ల దగ్గరికి ఆసుపత్రులకు వెళ్లేది. డాక్టర్లు కొందరు ఒప్పుకోలేదు, కొన్నిచోట్ల రానివ్వలేదు. ఆమె మొదలుపెట్టిన పనిని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే తీసుకుని నడిపింది. మనకు అంత దూరం చూడాల్సిన పని కూడా లేదు. ఆశా కార్యకర్తలు ఊరి ఆడవాళ్లే కదా. నేర్పించారు, నేర్చుకున్నారు, ఇవాళ వాళ్లు లేకుండా ఊళ్లో టీకా పడదు.

2022 అంచనా ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదే 1,90,000 మందికి పైగా ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వైద్యం పూర్తయి నిలబడ్డ మాలాంటివాళ్లం ప్రతి జిల్లాలో ఉన్నాం. క్యాన్సర్ వైద్యం చేసే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డు పక్కన, మాలో ఒకరికి ఒక కుర్చీ వేయించండి. ముందు శిక్షణ ఇప్పించండి. మందుల జోలికి మేం పోం, డాక్టర్ మాటకు అడ్డు రాం. నెల జీతం ఇవ్వండి. ఒకరోజు మిషను మూస్తే ఆ రోజు కూలి పోయే ఇళ్లు మావి. సేవ అని పొగిడి వట్టి చేతులతో పంపితే నాలుగు నెలలకు ఎవరూ మిగలరు. మెడలో వేసుకునే కార్డు కూడా ఇవ్వండి.

వచ్చే మంగళవారం పొద్దున బస్సుకే వస్తున్నాను. నా సంచిలో మూడు జాకెట్లుంటాయి, ఒకటి పెళ్లికి కట్టుకునే పట్టుచీర మీదిది, అది కుట్టించుకున్నామె కూతురి పెళ్లి పది రోజుల్లో ఉంది. గేటు దగ్గర కాపలా అబ్బాయి మళ్లీ అడుగుతాడు. నేనెవరినని చెప్పాలో మీరు రాసి పంపండి.

ఇట్లు,
నల్గొండ జిల్లా నుంచి ఒక దర్జీ