కృతజ్ఞతల పంక్తిలో మిగిలే పేర్లు
1946లో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు కేంబ్రిడ్జి వెళ్ళింది ఎముకల లెక్క తేల్చడానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను కేంబ్రిడ్జి మ్యూజియం కోసం విశ్లేషించాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంకవేత్త మహలనోబిస్ దగ్గర చేరిన ఈ యువకుడు అంతకు ముందు ఏడాదే తన పేరుతో నిలిచిపోయే సిద్ధాంతాలు ప్రచురించారు. 1955లో ఆ ఎముకల అధ్యయనం పుస్తకమైనప్పుడు ముగ్గురు రచయితల్లో ఆయనా ఒకరు.

నేటి పరిశోధన సహాయకులకు ఆ మర్యాద అరుదు.

సర్వే ఫారంలో వయసు 200 అని పడితే పట్టుకోవడం, ఖాళీ గడి ఎందుకు ఖాళీగా ఉందో ఆరా తీయడం, కోడ్ రాయడం వీరి వంతు. ఉద్యోగమేమో తరచూ ప్రాజెక్టు ఉన్నంతకాలమే. డేటా ఎవరు సరిచేశారో, కోడ్ ఎవరు రాశారో వ్యాసంలోనే ప్రకటించమని పరిశోధన పత్రికలు పట్టుబట్టాలి.

ఇది గుమాస్తా పనేగా అనేవారికి 2013 నాటి ఉదంతం ఉంది. భారీ అప్పులున్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమన్న ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్‌ల లెక్కను థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి తిరిగి వేశాడు. వారి ఎక్సెల్ సూత్రంలో ఐదు దేశాలు జారిపోయాయి. ఆ తప్పుతోపాటు మిగతావీ సరిచేస్తే తేలింది 2.2 శాతం.