అవ్వ బండి, మనవరాలి హక్కు

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో వానలు, సాగునీరు కరువై రైతుకూలీలు గుంపు మేస్త్రీల దగ్గర ముందే బయానా తీసుకుని దూరప్రాంతాల నిర్మాణ పనులకు తరలిపోవడాన్ని పాలమూరు వలస అంటారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ భవనాలు లేచినకొద్దీ, ఆ వలసలో కొంత భాగం హైదరాబాద్ పడమటి అంచుకు మళ్లింది. తల్లిదండ్రులు పని వెంట సైటు నుంచి సైటుకు మారుతుంటే, పిల్లల చదువు చెడకుండా వారిని అవ్వ దగ్గర ఉంచడం ఈ కుటుంబాలు వెతుక్కున్న దారి.

అలాంటి కొన్ని ఇళ్లకు సాయంత్రపు జొన్నరొట్టె బండే ఆధారం. దానికి పెట్టుబడి పిండి, పెనం, పొయ్యి. మిగిలినదంతా చేతి నేర్పు. మరిగే నీళ్లు పోసిన పిండిని వేడి తగ్గకముందే పిసకాలి, లేకుంటే రొట్టె అంచులు విచ్చిపోతాయి. ముద్దను పొడిపిండి మీద ఉంచి అరచేత్తో తడుతూ తిప్పుతూ పలచన చేసి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డ అద్ది, తిరగేసి కాలుస్తారు. అవ్వ రొట్టె తడుతుంటే కాల్చి తీసేది, చిల్లర లెక్క చూసేది, డబ్బు ఫోనులో పడిందో లేదో చెప్పేది కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పూట బండి సాగదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఆఫీసు పని ఇళ్లకు మారి, హాస్టళ్లు ఖాళీ అయ్యేసరికి కొని తినేవారే లేకపోయారు. అమ్మకం ఆగిన ఇంట్లో అమ్మకానికి తెచ్చిన సరుకే తిండి: పిండిని పలచగా కాస్తే అంబలి, జొన్నరవ్వను చిక్కగా ఉడికిస్తే గటక. ఆహారభద్రత కార్డున్న కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ప్రకటించింది. అన్నం వార్చిన గంజిని ఉప్పేసి తాగడం, పోపుడబ్బా అడుగున దాచిన నోట్లను ఇంటి కిరాయికి తప్ప కదిలించకపోవడం మాత్రం కరువులు చూసిన అవ్వలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దీన్ని ఓర్పు అని మెచ్చుకుని ఊరుకోవడం అన్యాయం. ఉన్న పిండి ఎన్నాళ్లు వస్తుందో, ఏ బాకీ ముందు తీరిస్తే కిరాణా కొట్టులో మళ్లీ ఖాతా పుడుతుందో లెక్కకట్టగలగడం అక్షరాలా ఆర్థిక విద్య.

ఆ విద్యకు కౌంటర్ల దగ్గరే అడ్డు తగులుతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్రను ఆధార్ వివరాలతో సరిచూసే ఇ-పాస్ యంత్రం, ఏళ్ల తరబడి మట్టిపనిలో, అంట్ల నీళ్లలో అరిగిన వేలిని చాలాసార్లు పట్టదు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలో కనుపాప ద్వారానో, ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారానో రేషన్ ఇవ్వడం మొదలైనప్పుడు, ఆ అంకెలు చదివి చెప్పే పని ఇలాంటి ఇళ్లలో మనవల మీదే పడింది.

వీధి వ్యాపారుల విషయంలో లోటు ఇంకా పెద్దది. వీధిలో అమ్ముకునేవారి జీవనోపాధిని కాపాడటానికి వచ్చిన 2014 నాటి చట్టం ప్రకారం, ధ్రువపత్రం పొందిన వ్యాపారి మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా, జబ్బుపడినా, ఆ ధ్రువపత్రం గడువు ముగిసేదాకా ఆ చోట వ్యాపారం చేసుకునే వీలు జీవిత భాగస్వామికి, లేదా ఆధారపడిన సంతానానికి ఉంటుంది. మనవల ప్రస్తావన అందులో లేదు. 2020 జూన్ 1న మొదలైన పీఎం స్వనిధి పథకం కింద హామీ లేకుండా ఇచ్చే తొలి అప్పు (మొదట్లో 10,000 రూపాయలు) కూడా వ్యాపారిగా నమోదైన మనిషి పేరనే వస్తుంది. అవ్వ మంచాన పడిన నాడు పెనం ముందు కూర్చోగలిగింది మనవరాలు ఒక్కతే అయినా, ఆ చోటు మీద ఆమెకు ఏ కాగితమూ ఉండదు. అయిదేళ్లకోసారైనా వీధి వ్యాపారుల సర్వే జరగాలని అదే చట్టం చెబుతోంది కనుక, వచ్చే సర్వేలోనే బండి దగ్గర పనిచేస్తున్న ఇద్దరి పేర్లూ రాయాలి, వారసుల వరుసలో మనవలను చేర్చాలి.