మీవాళ్లు ఎప్పుడొచ్చారు?

"తెలుగు బాగా మాట్లాడుతున్నారే సాయిబు గారూ! మీవాళ్లు ఎప్పుడొచ్చారు ఇటువైపు?"

ఏటికొప్పాకలో ఒక బొమ్మల దుకాణంలో నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి అడిగిన ప్రశ్న ఇది. ద్వేషంతో అడగలేదు. మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదే నన్నింకా పొడుస్తోంది. ఆయన చేతిలో నారింజరంగు లక్కభరిణె ఉంది. దాన్ని అటూఇటూ తిప్పుతూ "అచ్చంగా మన మట్టిలో పుట్టిన పని" అని మురిసిపోయాడు.

మురవాల్సిందే. అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. సి.వి. రాజు లాంటివారు ఊరి పనివాళ్లతో కలిసి చెట్టూచేమల రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో నడిచిన మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

కానీ ఆ 'అచ్చంగా మన మట్టి' సంగతేమిటో చూద్దాం. నారింజరంగునిచ్చే జాఫ్రా అమెరికా ఖండంలో పుట్టి, సముద్రం దాటి వచ్చిన చెట్టు. ఇదే లక్కపనికి పేరుబడ్డ చన్నపట్నానికి టిప్పు సుల్తాను పర్షియా నుంచి పనివాళ్లను రప్పించాడని అక్కడ చెప్పుకుంటారు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. బొమ్మ కొన్న చోటు దుకాణం, చేతికిచ్చిన చీటీ రసీదు, ఇవ్వాల్సింది బాకీ. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీ మాటలు. అన్నదాత అని దండం పెట్టే 'రైతు' కూడా అరబ్బీ 'రఅయ్యత్' నుంచి వచ్చినవాడే. ఆ రైతు చేలో మిరప పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. జాఫ్రాను అడగరు, మిరపను అడగరు. నన్నే ఎందుకడుగుతారు?

ఈ ప్రశ్నకు మావాళ్ల దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నేనూ ఏళ్ల తరబడి అదే అప్పజెప్పాను. "మేం ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. ఈ నేల దూదేకులవాళ్లం, మాలమాదిగలం, నేతగాళ్లం. కులం పెట్టే బాధ తాళలేక కల్మా చదివినవాళ్లం." మాలో చాలామంది విషయంలో ఇది నిజం. అయినా అందులో ఒక పిరికితనం ఉంది. నేను వలసవాణ్ణి కాను కనుక వదిలేయమంటే, వలసవాడైతే తన్నొచ్చునని ఒప్పుకున్నట్టే కదా! మా సంవత్సరం లెక్కే హిజ్రత్‌తో, ఒక వలసతో మొదలవుతుంది. మక్కా వదిలి వచ్చిన ముహాజిర్లను మదీనా అన్సార్లు తోడబుట్టినవాళ్లుగా చూసి ఇల్లూ తిండీ పంచారు. ఆ కథ వింటూ పెరిగిన నేను వలసను నేరమని ఎలా ఒప్పుకోను?

ఆ పెద్దమనిషికీ వలస కొత్త కాదు. ఆయనది ఉత్తరాంధ్ర. ఈ తీరపు రేవుల్లో ఓడలెక్కి రంగూన్ పోయి మూటలు మోసింది తెలుగు కూలీలే. కోరింగ రేవు పేరుతో అక్కడ వాళ్లను 'కొరంగీ'లన్నారు. పోనుపోను అది తిట్టయింది. 1930 మే నెలలో రేవు కూలీలు సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టి, సమ్మె తీరాక తీసేశారు. పని పోయినవాళ్ల కోపం యజమానుల మీదికి పోలేదు. కొరంగీల మీద పడింది. వందమందికి పైగా చచ్చారు. 1941-42 యుద్ధంలో, మళ్లీ 1962 తర్వాత, మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరే అందుకు సాక్ష్యం.

అంత దూరం ఎందుకు? 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్‌లో ఒకడు, తన దేశం నుంచి పొమ్మని అరుస్తూ శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపాడు. తెలుగునాడంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మనవాళ్లు ఆ దేశానికి ఎంత పన్ను కడుతున్నారో, ఎన్ని కంపెనీలు నడుపుతున్నారో లెక్కలు చదివాం. న్యాయమే. మరి అదే నోటితో ఇక్కడి సాయిబును పాకిస్తాన్ పొమ్మంటారేం?

ఒడిశాలోని బలాంగీర్, నువాపడా నుంచి అడ్వాన్సు అప్పు మెడకేసుకుని మన ఇటుకబట్టీలకొచ్చే కుటుంబాలను ఏ లెక్కలో రాస్తాం? వాళ్లు కోసిన ఇటుకలతో మేడలు లేస్తాయి. శిలాఫలకం మీద మంత్రిగారి పేరుంటుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టాక జాతీయ రహదారి మీద పిల్లల్ని చంకనేసుకుని నడిస్తే గానీ ఇలాంటి మనుషులు మన మధ్య ఉన్నారని మనకు తెలియలేదు. వాళ్లకు కావాల్సింది శాలువా కాదు. ఒప్పుకున్న కూలి, పిల్లలకు బడి, ఉన్నచోట రేషను. వలసవాళ్ల శ్రమను గుర్తించడమంటే మొదట ఇదే. ఎంత ఉపయోగపడ్డాడని తూకం వేసి ఆ తర్వాత బతకనిస్తామంటే అది గుర్తింపు కాదు, బేరం.

ఆ రోజు నేను "తాతలనాటి నుంచీ ఇక్కడేనండీ" అని నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఈసారి ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను: "ఎప్పుడొచ్చామో నాకు తెలీదండీ. వచ్చి ఏం చేశామో అడగండి, చెబుతాను. మీ తాతలు రంగూన్ పోయి ఏం చేశారో అదీ చెబుతాను. కూర్చోండి."