వాచ్ ‘వద్దు’ అంటే వినండి, ‘ఓకే’ అంటే మాత్రం ఆలోచించండి

పోయిన వానాకాలం ఓ బడ్జెట్ స్మార్ట్‌వాచ్ రివ్యూ కోసం రోజూ పొద్దుగాల కరీంనగర్ మానేరు డ్యాం దగ్గర రన్నింగ్ చేసేవాణ్ని. నా రెస్టింగ్ హార్ట్ రేట్ మామూలుగా 58. ఓ రోజు నిద్ర లేచేసరికి 66 చూపించింది. గొంతులో కొంచెం గరగర, అంతే. హోమ్ స్క్రీన్ మీద మాత్రం ‘23 రోజుల స్ట్రీక్’ అని మెరుస్తోంది. పరుగెత్తా. సాయంత్రానికి 102 జ్వరం, తర్వాత పది రోజులు మంచం. ఆ రోజు ఆగితే జ్వరమే వచ్చేది కాదని అనను. కానీ ఆ 5 కిలోమీటర్లు అవసరమా అంటే, కాదు.

కోపం ఎందుకంటే, రెండు లెక్కలూ ఆ వాచ్‌లోనే ఉన్నాయి. పరుగెత్తమని రెచ్చగొట్టేది ముందు పేజీలో, ఆగమని చెప్పేది మూడు మెనూల లోపల. ఖరీదైన వాచ్‌లు కూడా ఈ విషయంలో ఆలస్యమే. 2015లో వచ్చిన యాపిల్ వాచ్‌లో రింగ్స్‌ని పాజ్ చేసే ఆప్షన్ 2024లో, వాచ్‌ఓఎస్ 11తో గానీ రాలేదు.

లోపల దాచిన ఆ నంబర్ ఉత్తదేం కాదు. 2020లో స్టాన్‌ఫర్డ్ టీమ్ కొవిడ్ సోకిన 32 మంది వాచ్ డేటా చూస్తే, 26 మందిలో గుండె వేగమో, అడుగులో, నిద్రో మారినట్టు తేలింది. చాలామందిలో ఆ మార్పు లక్షణాలు బయటపడక ముందే ఉంది. అందుకే నా పద్ధతి ఇది: రెండు మూడు వారాలు రాత్రి కూడా వాచ్ పెట్టుకుని మీ మామూలు నంబర్ ఎంతో తెలుసుకోండి. మూడు నాలుగు బీట్లు అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు, నిద్ర చాలకపోయినా మన మే నెల ఉక్కపోతకైనా అంత పెరుగుతుంది. ఏడెనిమిది పెరిగి, దానికి ఒళ్లునొప్పులో గొంతునొప్పో తోడైతే ఆ రోజు రన్ క్యాన్సిల్. చవక వాచ్‌ల ‘స్ట్రెస్ స్కోర్’ని నేనైతే చూడను.

ఇక రెండో వైపు. నంబర్ నార్మల్‌గా ఉంది కదా అని షూ వేసుకోవద్దు. మన దగ్గర వానాకాలం అంటే డెంగీ, టైఫాయిడ్, ఆదిలాబాద్ ఏజెన్సీ వైపు మలేరియా కూడా. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె వేగం సుమారు పది బీట్లు పెరగాలి, కానీ టైఫాయిడ్‌లో చాలాసార్లు అంత పెరగదు. డెంగీలో అసలు ప్రమాదం తరచుగా జ్వరం తగ్గే టైంలోనే మొదలవుతుంది, కోలుకునేటప్పుడు గుండె వేగం మామూలు కన్నా తగ్గొచ్చు కూడా. వాచ్ దాన్ని చూసి ‘ఫుల్ రికవరీ’ అని పచ్చరంగు చూపిస్తే, దాని తప్పు కాదు, దానికి తెలిసింది అంతే.

ఇది ఎక్కువగా పోలీస్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా. 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. ఈవెంట్స్ డేట్ దగ్గర పడుతుంటే ఒక్క రోజు ఆగాలన్నా భయమే, అర్థమవుతుంది. పారాసిటమాల్ వేసుకుని గ్రౌండ్‌కి వచ్చినవాళ్లని చూశా. గోలీతో జ్వరం దిగుతుంది, దాంతోపాటు హార్ట్ రేట్ కూడా దిగుతుంది, వాచ్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. లోపల వైరస్ మాత్రం అలాగే ఉంటుంది. అది అరుదుగా గుండె కండరానికి పాకుతుంది, ఆ టైంలో గట్టిగా పరుగెత్తడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ముక్కు కారడం వరకే అయితే మెల్లగా నడవండి. ఛాతీలో పట్టేసినా, జ్వరమున్నా, ఒళ్లంతా నొప్పులున్నా వాచ్‌ని అడగొద్దు, డాక్టర్‌ని అడగండి. వారం ఆగితే స్టామినా పెద్దగా పోదు.

నేనైతే ఇప్పుడు ఏ వాచ్ రివ్యూకి వచ్చినా, డిస్‌ప్లే బ్రైట్‌నెస్ కన్నా ముందు స్ట్రీక్‌ని పాజ్ చేసే బటన్ ఉందా లేదా అని వెతుకుతున్నా.